దండేనికి కట్టిన వైరు

గంటస్తంభం దగ్గర మందులు కొనుక్కుని సందులోంచి వస్తూ అలవాటు కొద్దీ తల పైకెత్తాను. మా బావ ఉండిన ఇంటి డాబా మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. రెండు నేత చీరలు, ఓ లుంగీ, చంటిపిల్ల గౌన్లు. నన్ను నిలబెట్టింది బట్టలు కాదు, వాటిని మోస్తున్న దండెం. బొటనవేలంత లావున, నీలం మీద నల్లటి అల్లికతో నిగనిగలాడుతోంది. పిట్టగోడ అవతల వేలాడే కొసకి బంగారు పూత పిన్నులు ఎండలో మెరుస్తున్నాయి.

అది స్పీకర్లకి తగిలించే వైరు. దాని ఖరీదు చెబితే ఆ ఇల్లాలు తక్షణం బట్టలు దించేసి దండేనికి బొట్టు పెట్టేది. నాకు నవ్వొచ్చింది. నడిరోడ్డు మీద ఒంటరిగా నవ్వుతున్న ముసలాణ్ని చూసి ఆటోవాడు హారన్ కొట్టాడు. పక్కకి తప్పుకున్నాక మరి నవ్వు రాలేదు. బావ పోయినప్పుడు కూడా రాని ఏడుపు, ఆ గోడ పక్కన నిలబడి ఏడ్చాను.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. గజపతినగరం అవతల ఒక ఊళ్లో గుడి సన్నాయి వాళ్లది. తాత, తండ్రి, పెదనాన్నలు అందరూ సన్నాయి ఊదినవాళ్లే. ఈయన ఒక్కడూ ఫిడేలు పట్టాడు. "మా అయ్యకి దేవుడు ఊపిరిచ్చినాడు, నాకు ఏళ్లిచ్చినాడు" అని వేళ్లు ఆడించి చూపించేవాడు. విజయనగరంలో పిల్లలకి ఫిడేలు చెబుతూనే జీవితం వెళ్లదీశాడు. పిల్లలు అపస్వరం పలికిస్తే తిట్టేవాడు కాదు. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు మొహం పెట్టి "రాయి" అనేవాడు, అంతే. పిల్ల మళ్లీ వాయించేది. "ఇంకా ఉన్నాది రాయి." పెళ్లి భోజనాల్లో నిజంగానే రాయి తగిలితే మాత్రం "అపస్వరం" అని విస్తరి అంచున పెట్టేవాడు. వంటవాళ్లు ఈయన్ని చూస్తే హడలిపోయేవారు.

వైర్ల పిచ్చి పట్టింది అప్ప పోయాక. ముందుగదిలో పాటలు వేసే పెట్టె, యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉండేవి. అవన్నీ మామూలువే. వాటిని కలిపే వైర్లే మారిపోతూ ఉండేవి. కొరియరు వచ్చిన రోజు ఆ ఇంట్లో పండగ. పెట్టె విప్పి, వైరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరి, చెంపకి ఆనించుకునేవాడు. వైరు నేలకి తగలకూడదట. ఫిడేలులో తీగలు ఆనే చిన్న చెక్కముక్కని గుర్రం అంటారు. అరిగిపోయిన గుర్రాలన్నీ పోగుచేసి, నేలమీద వరసగా నిలబెట్టి, వాటి మీదుగా వైరు పాకించేవాడు. వినేముందు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. కరెంటులో మురికి ఉంటుందట. చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. తరవాత ఫ్రిజ్ వెయ్యడం మర్చిపోయేవాడు. ఆ ఇంట్లో పెరుగు ఎప్పుడూ పులుపే.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. కళ్లముందు ఇలాంటిది జరుగుతుంటే ఊరుకోగలనా?

"బావా, రాగి రాగే. ఎలక్ట్రానుకి కులగోత్రాలుండవు. ఈ కాస్త దూరానికి ఈది సివర కరెంటు సామాన్ల కొట్లో దొరికీ వైరు సాలు."

"నీకేటి తెలుసురా? హైదరాబాదులో ఒకాయన ఈడియో సేసినాడు, సూడు. మంచి వైరేస్తే తెర తీసీసినట్టుంటాదంట."

"ఆయన వైర్లు అమ్ముతాడు గాదేటి బావా."

"మీ నాన్న బియ్యం అమ్మీవోడు. అంచేత అన్నం అబద్ధమయిపోనాదేటి?"

ఇలాంటి జవాబులకి ఫిజిక్సులో విరుగుడు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతోటి అని విసుక్కుని లేచి వచ్చేసేవాణ్ని. ఆ సామెత తరవాత మరెప్పుడూ నా నోట రాలేదు.

ఇంతా చేసి ఆయన వినేది ఒకటే. ఎప్పుడో ఒక అమ్మవారి పండగలో ఆయన పక్కవాద్యం వాయించిన కచేరీ. ముందువరసలో కూర్చున్న వాళ్లెవరో టేపురికార్డరులో పట్టారు. పాడినాయన గొంతు ఉంది అందులో. బావ ఫిడేలు ఉంది, మృదంగం ఉంది, జనం దగ్గులున్నాయి, చంటిపిల్లల ఏడుపులున్నాయి. అన్నిటి వెనకాల తంబురా ఉంది. ఆ తంబురా మీటింది మా అప్ప.

అప్పకి పాట రాదు. పాతపట్నం దగ్గర మా ఊరి నుంచి కాపరానికి వచ్చేటప్పటికి సంగీతంలో ఓనమాలు కూడా తెలియవు. బావే చేతిలో తంబురా పెట్టి మీటడం నేర్పాడు. ఆ తరవాత ఆయన ఏ కచేరీకి వెళ్లినా వెనకాల ఆమే. పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "ఒసే తంబురా, మజ్జిగట్టుకురా" అనేవాడు. "ఓలమ్మ, మా అయ్య పెట్టిన పేరు గంగలో కలిపీసినాడు మీ బావ" అని నవ్వేది నాతో. కచేరీలో ఈయన కళ్లు పాటగాడి మీద, వీపు మా అప్ప వైపు. "అది మీటతన్నంతసేపు నా ఈపెనకాల ఇల్లున్నట్టుంటాదిరా. ఏ స్వరం మీదికెల్లిపోనా తిరిగి రాడానికి ఇల్లున్నాది" అన్నాడు ఒకసారి. మా అప్ప గురించి అంతకంటే మంచిమాట ఎవరూ అనగా నేను వినలేదు. ఆమెతో మాత్రం ఒక్కనాడూ అనలేదు, మహానుభావుడు.

వాళ్లకి పిల్లలు లేరు. అప్ప ఫొటోలు ఉన్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు. ఫోను ఇచ్చినా నన్ను మాట్లాడమని సైగ చేసే మనిషి. ఆ టేపు వెనకాల సన్నగా ఝుమ్మనే మోత ఒక్కటే ఆమెది ఈ లోకంలో మిగిలింది.

బావకి అదే వినబడలేదు.

"పాటగాడు ఇనబడతన్నాడు. నా ఫిడేలు ఇనబడతన్నాది. మధ్యలో దాన్నే ఎవడో మింగీసినాడు. ఈ వైరే మింగీసిందిరా" అని ఒకటి పీకి పారేసి ఇంకొకటి తెప్పించేవాడు. నాకు మొదటి నుంచీ వినబడుతూనే ఉంది. ఇంకా బాగా, ఇంకా దగ్గరగా కావాలని ఆయన తాపత్రయపడుతున్నాడని అనుకున్నాను. అసలుకే మోసం వచ్చిందని తెలిసిన రోజు ఒకటుంది.

ఆ రోజు నేను కరెంటు కొలిచే మీటరు పట్టుకెళ్లాను. దాని ముళ్లు వైరు కొసలకి తాకించి, "సూడు బావా, నీ వైరు, ఈది వైరు ఒకటే సూపిస్తన్నాది" అన్నాను. బావకి కోపమొచ్చింది. లోపలికెళ్లి అప్ప తంబురా తెచ్చాడు. గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

తంబురా సంగతి తెలియని వాళ్లకి ఒకమాట చెప్పాలి. తీగ గుర్రం మీద ఆనే చోట, దాని కింద ఒక నూలుపోగు దూరుస్తారు. దాన్ని జీవ అంటారు. పోగు లేకపోతే తీగ టక్కుమని ఆగిపోతుంది. పోగు సరైన చోట పడిందా, అదే తీగలోంచి తేనెపట్టు కదిలినట్టు సన్నటి ఝుంకారం లేచి గదంతా నిండుతుంది. వెంట్రుకవాసి జరిగితే మళ్లీ చచ్చిపోతుంది. మా అప్ప ఆ పోగుని తన చీర అంచులోంచే లాగేది. బజారు దారం పనికిరాదనేది. ఆమె చీరలన్నిటికీ ఒక మూల అంచు చీకిపోయి ఉండేది.

బావ పోగు లాగేసి తీగ మీటాడు. టక్. "ఇది నీ ఈది వైరు." పోగు మళ్లీ దూర్చి, వేలితో అటూ ఇటూ జరిపి మీటాడు. "ఇది నా వైరు. సూసినావా ఎలగ పలికిందో! నూలుపోగురా ఇది. నీ మీటరు ముళ్లు దీని మీద ఎట్టు, ఏటి సూపిస్తాదో సూద్దాం. నూలుపోగు జీవం పోస్తే రాగితీగ పొయ్యదేటి?"

నేను నోరెళ్లబెట్టాను. వాదన అంత బాగుంది.

కానీ తీగ పలకలేదు. ముందెలా అందో అలాగే టక్కుమంది. పోగు చోటు తప్పింది. పెరట్లో ఉండి కూడా ముందుగదిలో పిల్ల చేసిన తప్పుకి "రాయి" అని అరిచే మనిషి, చచ్చిన తీగని నాముందు మీటి, మెరిసే కళ్లతో సూసినావా అంటున్నాడు. మళ్లీ మీటాడు. టక్. "ఆహా" అని తల ఊపాడు. నేనూ ఊపాను. మీటరు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి, అన్నం సయించక పడుకున్నాను.

బావని విశాఖ తీసుకెళ్లాను. చెవి డాక్టరు ఒక చిన్నగదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. అద్దంలోంచి నేను చూస్తూ ఉన్నాను. మొదట్లో బుద్ధిమంతుడైన పిల్లాడిలా టకటకా నొక్కాడు. తరవాత వేలు మీట మీద అలాగే ఉండిపోయింది. ఇంకా మొదలెట్టరేం అన్నట్టు నా వైపు చూశాడు. లోపల చప్పుళ్లు ఒకదాని తరవాత ఒకటి పంపుతూనే ఉన్నారు.

డాక్టరు మంచివాడు. మాటలకి ఇబ్బంది లేదనీ, పైస్థాయి సన్నటి శబ్దాలు వయసుతో పోయాయనీ, పోయినవి రావనీ నెమ్మదిగా చెప్పాడు. చెవికి మిషను పెట్టాడు. మిషనులో బావకి గిన్నెలు వినబడ్డాయి, ఆర్టీసీ బస్సులు వినబడ్డాయి, తను నమిలే చప్పుడు తనకే వినబడింది. తంబురా రాలేదు. "రేకుల షెడ్డులో కూకున్నట్టున్నాది" అని తీసి డబ్బాలో పెట్టేశాడు.

మనసు మళ్లుతుందని ఒకసారి కళింగపట్నం తీసుకెళ్లాను. సాయంత్రం వలలు సర్దుకునేవాళ్ల పక్కనుంచి నడిచి నీళ్ల దగ్గర కూర్చున్నాం. బావ చాలాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. "కెరటం ఇరగడం ఇనబడతన్నాది. ఎనక్కెల్లినప్పుడు నురగ ఇసకలో ఇంకతాది గదరా, సుయ్యిమని. అది ఉన్నాదేటి?" ఉందన్నాను. "నాకు కెరటం వస్తాది గాని ఎల్లదురా" అన్నాడు.

మళ్లీ కొరియరు రావడం మొదలైంది. ఒక వైరు వచ్చిన మధ్యాహ్నం కబురు పెడితే వెళ్లాను. "నువ్వు కళ్లు మూసుకో. నాను వైర్లు మారుస్తాను. దేంట్లో తంబురా ఉన్నాదో సెప్పు. నీ ఫిజిక్సు సెప్పకు, నీ సెవి సెప్పింది సెప్పు" అన్నాడు.

కళ్లు మూసుకున్నాను. ఆ టేపులో పాట ఎత్తుకోవడానికి ముందు కాసేపు తంబురా ఒక్కటే మోగుతుంది. అక్కడికే తిప్పి వేశాడు. ఫ్యాను లేని ఆ ఉక్కలో మా అప్ప వచ్చి నా వెనకాల కూర్చుంది.

"ఉన్నాదేటి?"

"ఉన్నాది బావా."

వైరు పీకిన చప్పుడు, పెట్టిన చప్పుడు. "ఇప్పుడు?"

"ఉన్నాది."

మళ్లీ మార్చాడు. ఈసారి కొంచెం ఆలస్యమైంది. "ఇప్పుడో?"

"అన్నింట్లోనూ ఉన్నాది బావా. ఒకేలాగున్నాది."

కళ్లు తెరిచాను. ఆఖరుసారి ఆయన తగిలించింది పాడైపోయిన ఇస్త్రీపెట్టె నుంచి కోసిన వైరు. దాన్ని వేలితో చూపిస్తున్నాడు.

"ఇందులో కూడానేటి?"

మా బావ మీద నేను గెలిచిన వాదన అదొక్కటే. గెలిచి ఆయన మొహం చూడలేకపోయాను. వైరు చెడ్డదైతే మంచి వైరు ఎక్కడో ఒకచోట ఉంటుంది, వెతుక్కోవచ్చు. వైరు మంచిదేనని తేలితే మనిషి ఇంకెక్కడ వెతుక్కుంటాడు?

"అయితే అది ఇంట్లోనే ఉన్నాది. రోజూ మీటతన్నాది" అన్నాడు బావ. "నానే పలకడం లేదు."

అని నేలమీద చతికిలబడి స్పీకరుకి నుదురు ఆనించాడు. నేను లేచి ఫ్యాను వేశాను. వద్దనలేదు. ఆ గదిలో పాట మోగుతుండగా ఫ్యాను తిరగడం అదే మొదలు.

అంత జరిగాక కూడా ఇంకో వైరుకి చెప్పాడని తెలిసింది. అన్నిట్లోకీ ఖరీదైనది. దానికోసం ఫిడేలు అమ్మేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పరుగున వెళ్లాను.

"నీకు మతి పోనాదేటి బావా? వైరు కాదని నీ సేత్తో నువ్వే తేల్సినావు గదా!"

"తేల్సినాను."

"మరేటి?"

"అది వచ్చీవరకు వారం పదిరోజులు పడతాది గదరా" అన్నాడు. చిన్నపిల్లకి స్వరం చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "ఆ పదిరోజులూ నాకు అది రేపు ఇనబడతాది. నువ్వు సెప్పింది నిజమే. నిజమయితే నాకు రేపన్నది లేదు. అంత ఖరీదెట్టి కొనాలేటి అంటన్నావు. ఏటి కొంటన్నానో సూడవేట్రా?"

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, ఆ కచేరీ ఎక్కించిన పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టాడు. పెట్టి, అల్లరిపిల్లాడికి మెలిపెట్టినట్టు నా చెవి పట్టుకున్నాడు. "ఈటిని జాగర్తగా సూసుకో. మీ అప్ప ఇప్పుడు ఈటిల్లోనే ఉన్నాది. నువ్వు ఇంటన్నంతకాలమే. నాను మరి లేను."

ఆ వైరు రాకముందే బావ పోయాడు. పొద్దున్న పాలవాడు పిలిచి పిలిచి, పెద్దాయనకి చెవుడు కదా అనుకుని ప్యాకెట్టు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడట. కర్మకాండ జరుగుతుండగా కొరియరు వచ్చింది. సంతకం నేనే పెట్టాను. విప్పడానికి చేతులు రాక అటక మీదికి తోశాను. తంబురాని బావ అన్నకొడుకు తీసుకెళ్లి షోకేసు పక్కన నిలబెట్టుకున్నాడు. ఇల్లు అద్దెకిచ్చాడు. అద్దెకొచ్చిన వాళ్లకి అటక మీద మంచి గట్టి దండెం దొరికింది.

ఇంట్లో నేను ఆ పాట వేసుకుని వింటూనే ఉన్నాను. పాట కోసం కాదు, పాటకి ముందు ఉండే ఆ కాసేపటి కోసం. ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం వేస్తే ఆ కాసేపట్లో ఏమీ లేదు. ఎవరిదో దగ్గు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఆ తరవాత పాట. పెన్‌డ్రైవు చెడిపోయిందనుకుని నా భార్యని కేకేశాను. చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి, ఈనెలు తీస్తూనే వింది.

"ఏటి? ఒదిన తంబురా గదా. బాగానే మోగతన్నాది" అంది.

వయసొచ్చిన చెవికి ముందేది పోతుందో, అదే ఎందుకు పోతుందో, ఎందుకు తిరిగి రాదో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. ఎన్నో ఏళ్లు చెప్పాను కూడా. అవన్నీ తెలిసినవాణ్ని లేచి ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ ఆపాను. మళ్లీ వేసి విన్నాను. దగ్గు. కుర్చీ. పాట. అప్ప పోయినప్పుడు నాకు బావ ఉన్నాడు. ఈసారి చెవి మెలిపెట్టి ఎవరికి అప్పగించను? నా భార్యకి ఆ మోత ఒక మోత, అంతే.

ఆ గోడ పక్కన ఏడ్చిన మర్నాడు మంచి నైలాను తాడు ఒకటి కొని ఆ ఇంటికి వెళ్లాను. ఇల్లాలు చంటిపిల్లని చంకనేసుకుని తలుపు తీసింది.

"ఎవులు కావాల బాబూ?"

"మీ డాబా మీద దండెం కావాలమ్మా. బదులు ఈ కొత్త తాడు తెచ్చినాను."

ఆమె తాడుని చూసింది, నన్ను చూసింది. "అది శానా గట్టిది బాబూ. తడి దుప్పటేసినా వంగదు. ఈ తాడు సాగిపోతాది."

"అది మా బావదమ్మా. ఇక్కడే ఉండీవోడు."

"అలాగేటి" అని మెత్తబడింది. డాబా మీదికి తీసుకెళ్లి బట్టలు ఒక్కొక్కటీ తీసి భుజాన వేసుకుంటూ, "ఏటికి పనికొస్తాది బాబూ అది మీకు?" అని అడిగింది.

ఏమీ పనికిరాదమ్మా, రాగి రాగే అన్న మాట నా నోటిదాకా వచ్చింది.

"ఇందులో తంబురా బాగా ఇనబడతాదమ్మా" అన్నాను.

వైరు ఇంటికి తెచ్చి వారం దాటింది. ఇంకా తగిలించలేదు.